కొలతల బుక్కు, వెనకనుంచి

ముందు నుంచి జాకెట్ల కొలతలు.
వెనక నుంచి శ్రమల దినాలు.
రెండూ ఒకే బుక్కుల రాస్తున్న,
నడుమ ఎక్కడ కలుస్తయో చూద్దామని.

గద్వాలల, పాత బస్టాండు పక్క సందుల
నాలుగడుగుల షాపు నాది.
పొద్దుగాల షట్టరు సగమే ఎత్తి
మిషను బల్బు వెలుతురుల ఒక వాక్యం చదువుత.
ఒక్కటే. ఎక్కువ చదివితే
ఒకదాని మీద ఒకటి పడి ఏదీ మిగలదు నాకు.

పాస్టరమ్మ చెప్పింది: తోచింది రాయి,
ఎవరికీ చూపియ్యకు, దిద్దకు.
దిద్దకుండ ఎట్ల?
కుట్టు తప్పితే విప్పే చెయ్యి ఇది.
మొదటి మూడు రోజులు కొట్టేసిన గీతలే ఉన్నయి.

నాలుగో రోజు: చాయ మానేసిన.
ఐదో రోజు: చాయ మానేసిన సంగతి
నలుగురికి చెప్పిన. అది గూడ మానెయ్యాలె.

తొమ్మిదో రోజు, ఎడారిల శోధన.
నా సాతానుకు కొమ్ముల్లేవు.
గిరాకి తెచ్చిన మీటరు గుడ్డల
మిగిలే జానెడు ముక్క లెక్క వస్తడు.
ఆ ముక్కలన్ని అతికి దిండు గలేబు కుట్టుకున్న.
దాని మీద తల పెడితే
నిద్ర మంచిగనే పడుతది. అదే బాధ.

పదకొండో రోజు ఏం రాయలే.
బడి పిల్లల యూనిఫారాలు, నూట నలభై.
"దేవా, గుండీలు" అని మాత్రం ఉన్నది.
ఎందుకు రాసిన్నో యాదికి లేదు.

ఇరవై మూడో రోజు
సిలువ కింద సిపాయిలు బట్టలు పంచుకునే కాడికి వచ్చిన.
అంగీకి కుట్టు లేదంట.
పైనుంచి కిందిదాక ఒకటే నేత.
ఎన్నిసార్లు విన్న ఈ మాట, మందిరంల చాప మీద కూసోని!
దర్జీ చెవితోని ఎన్నడూ వినలే.
కుట్టు లేదంటే
నాలాంటిదానికి అండ్ల పని లేదన్నట్టే గదా.

పగటీలి మగ్గం కాడికి పోయి వీరభద్రప్పను అడిగిన.
కుప్పడం నేస్తున్నడు,
నూలు ఒంటిని పట్టంచుతోని
పోగుకు పోగు కొండీ ఏసి కలిపే పని.
కాలు ఆపి సూరు దిక్కు చూసిండు.
"అయితది. ఓపిక గావాలె.
ఇంతకు నేసినోళ్ల పేరు రాసిన్రా అండ్ల?"
రాయలేదన్న.
"మాది గూడ రాయరు" అని మళ్ల నాడె విసిరిండు.

ఆ రాత్రి
పేరు లేని ఆ చేతుల గురించి రాద్దామని కూసున్న.
పెన్ను వేరే దిక్కు పోయింది.

అమ్మ సమాధి మీద మట్టి ఆరకముందే
ట్రంకు పెట్టె తెరిచినం, నేను, చెల్లె రాహేలు.
ఏడు చీరలు.
ఆరింటిని మూడు మూడు పంచుకున్నం.
ఏడోది వక్కరంగు గద్వాల చీర,
పత్తి ఏరిన కూలి దాచి దాచి
అమ్మ కొనుక్కున్న ఒకే ఒక్క పట్టంచు.
చింపలేం గదా.
పెద్దమ్మ కొడుకు సిగరెట్ పెట్టె అట్ట ముక్కలు చేసి
చీటీలేసిండు.
నా పేరొచ్చింది.
నవ్విన గూడ.
రాహేలు సంచి సదురుకొని ఆత్మకూరు బస్సెక్కింది.
రెండేండ్లాయె.

ఇన్నేండ్లు ఆ సిపాయిలంటే
ఎవరో పరాయి దేశపోళ్లు, ఇనుప టోపీలోళ్లు అనుకున్న.
తల వంచి చీటీ విప్పేటప్పుడు
వాళ్లకు పైకి చూసే తీరిక ఉండదు.
నాకు తెలుసు.

ఇయ్యాల ముప్పై ఒకటో రోజు.
ఈస్టరుకు తెల్ల జాకెట్లు పదహారు ఒప్పుకున్న,
గుడ్డ ఇంకా నీళ్లల్లనే నానుతున్నది.
బుక్కుల ముందు పేజీలు, వెనక పేజీలు
ఒక్క కాగితం ఎడంతోని ఆగినయి.
ఆ కాగితం మీద రాహేలు కొలతలు రాసిన, యాదితోని:
పొడుగు పద్నాలుగు,
భుజం పదమూడున్నర,
చెయ్యి పొడుగు ఎనిమిది, అది మోచేతి దాకనే తొడుగుతది.
నడుము కాడ ఆగిన.
రెండేండ్లల్ల మనిషి చిక్కిందో, ఒళ్లు చేసిందో.

దీన్ని ప్రార్థన అంటరో లేదో.
చీర ఇంకా నా పెట్టెల్నే ఉన్నది.
ఫోన్ చేస్తె
"నీ నడుము ఎంతనే" అని అడగాలె,
రెండేండ్లకు మొదటి మాట.
ఏమనుకుంటదో.