పదకొండోది

అర్ధరాత్రి మూసాపేటలో కరెంటొచ్చింది,
వెంటనే కొత్త యాప్ దించాను.
"మీ మొదటి పని రాయండి" అంది.
రాశాను: గీజరు బాగు చేయించాలి.

ఇది పదకొండోది.
పని పూర్తయితే గంట కొడుతుందట.
నీలం రంగుదాంట్లో, నల్ల తెర దాంట్లో,
నెలకి తొంభై తొమ్మిది అడిగినదాంట్లో కూడా
మొదటి వాక్యం అదే,
అద్దె ఇల్లు మారినప్పుడల్లా
విప్పకుండానే ఆటో ట్రాలీ ఎక్కే అట్టపెట్టెలా.

డిసెంబరు. బకెట్లో నీళ్ళు కరుస్తున్నాయి.
ల్యాప్‌టాప్‌కీ ఫోనుకీ సింక్ ఎందుకు కావట్లేదో
తువ్వాలు కప్పుకుని సెట్టింగుల్లో వెతుకుతున్నాను.

సత్తార్ భాయ్‌ని పిలిచింది కింది వాటా చంద్రకళ గారు.
మా గీజరు ఆవిడ పప్పుల డబ్బాలోకి కారిందట.

ఇరవై నిమిషాలు. ఒక వాషరు, కాలిన వైరు.
నాలుగొందల యాభై.
జేబులో నాలుగొందలే,
ఫోన్లో సర్వర్ డౌన్.
"గిదేంది సార్?" అని తెరలోకి తొంగిచూశాడు.
చూపించాను. నిలబడే దించుకున్నాడు,
తడి బొటనవేలితో రాసుకున్నాడు:
మూసాపేట, మూడో అంతస్తు, యాభై.

రాత్రి గీజరు మీద గీత కొట్టాను.
నిజంగానే గంట మోగింది.
తెరంతా తెల్లగా...
ఏం రాయాలో తోచలేదు.

పన్నెండోది దిగుతోంది,
నలభై ఒక్క శాతం.