ఉజ్జాయింపు

పేకముక్కలే, కానీ డబ్బులకు ఆడం.
టాలిన్ రేవు పక్క మూడో అంతస్తు, ఫిబ్రవరి.
కిటికీ అవతల సముద్రం మీగడ కడుతోంది.
ఆరుగురం. అందరి చేతుల్లో అవే అంకెలు,
ఒకటి నుంచి పదమూడు దాకా, మధ్యలో గెంతుతూ,
చివర ఒక ప్రశ్నార్థకం, ఒక కాఫీ కప్పు.

ఐవర్ పని చదివాడు:
"ఫెర్రీ ఎక్కని ప్రయాణికుడికి డబ్బు వాపసు."
అంతే, ఒక్క వాక్యం.
గంటలొద్దు, రోజులొద్దు,
బరువెంతో చెప్పండి చాలు,
సంచీ ఒకసారి చేత్తో ఎత్తి చూసినట్టు.

ముక్క బోర్లా పెట్టాలి,
పక్కవాడి మొహం చూడకూడదు.
ప్రీట్ కనుబొమ్మ చూడకుండా ఉండడం నాకెప్పుడూ కష్టమే.
ఒకప్పుడు వాడు ముందు నోరు విప్పితే
మా అంకెలన్నీ గొర్రెల్లా వాడి వెనకే పోయేవి.
అందుకే కొన్నాం ఈ ముక్కలు.

ఒక్కసారే తిప్పాం.
మూడు. మూడు. మూడు. మూడు. మూడు.
హెల్యు దగ్గర
పదమూడు.

ఎవరో నవ్వారు. నేనే అనుకుంటా.
తక్కువ చెప్పినవాళ్ళు ముందు మాట్లాడాలి, అది మా ఆనవాయితీ.
రెండు పట్టికలు కలపాలి, ఒక మెయిల్ పంపాలి, అన్నాడు ప్రీట్.
అర నిమిషం పట్టలేదు.

హెల్యు చేరి మూడు వారాలు.
స్వెట్టర్ చేతుల్లోకి వేళ్ళు లాక్కుని అంది:
"మాది హీయుమా దీవి.
మంచు జానెడు మందం తేలితే
సముద్రం మీద రోడ్డు తెరుస్తారు.
మా అమ్మ ఫెర్రీకి రానూపోనూ టికెట్టు కొని
మంచు మీద కారేసుకుని ఇటు వచ్చేస్తుంది.
సాయంత్రం గాలి తిరుగుతుంది, రోడ్డు మూసేస్తారు.
తిరుగు టికెట్టు పట్టుకుని ఈ ఒడ్డున నిలబడుతుంది.
మీ పట్టికలో మా అమ్మ
ఇంకా దీవి దాటనే లేదు.
రాని మనిషిని వెనక్కి ఎలా పంపుతారు?"

హీటరు గొణుగుడు తప్ప ఏమీ లేదు.
ప్రీట్ లాప్‌టాప్ తెరిచాడు, ఏదో వెతికాడు,
మెల్లగా మూశాడు.
ఐదు మూళ్ళు, ఐదు కాకిలెక్కలు,
ఐదుగురం ఏకమయ్యాం కనక
నిజమనుకున్నాం.

మళ్ళీ తిప్పాం.
పదమూడు, ఎనిమిది, పదమూడు, పదమూడు.
నాది ప్రశ్నార్థకం.
ఈసారి హెల్యు ముక్క మీద
కాఫీ కప్పు.

లేచాం. యంత్రం దగ్గర ప్రీట్ అడిగాడు:
"మీ అమ్మ మళ్ళీ ఎప్పుడొస్తుంది?"
హెల్యు కిటికీ వైపు చూసి
చేత్తో ఒక జాన కొలిచింది,
కొంచెం తగ్గించింది.