తువాలు కింద లెక్క

మా యాపారానికి నోరు అక్కర్లేదు నాయనా,
తువాలు చాలు.
అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి,
నడాన నాది,
పైన ఎర్ర గళ్ళ తువాలు.
చూపుడువేలు పట్టుకుంటే వెయ్యి,
అయిదు వేళ్ళూ కలిపి పట్టుకుంటే అయిదు వేలు,
అరచేతిలో గోరు గీస్తే అందులో సగం.
చుట్టూ పదిమంది నిలబడి బీడీలు కాలుస్తాంటారు,
ఒక్కడికీ వినపడదు.
చెమట పట్టిన చెయ్యి దొరికిందంటే
ఇంట్లో ఆసుపత్రి ఖర్చో, అప్పులోడి గడువో ఉన్నట్టు.
ధర అక్కడ దించేవాణ్ణి.

దూదేకుల పక్కీరప్ప అంటే
తుగ్గలి, జొన్నగిరి, పెరవలి నేలలకు ఎరుకే.
తొలకరి పడిందంటే రైతుకు పదును కనపడ్తాది,
నాకు మెరుపు.
నలభై ఏండ్లుగా వంగిన నడుముల్ని చూస్తాండా.
రాయి దొరికిన నడుము వేరేగా లేస్తాది.
అరవదు.
అటూ ఇటూ చూస్తాది, కొంగు ముడేస్తాది.

ఈ ఏడు ఆరుద్ర కార్తెలో
ఉలిగమ్మ చేన్లో లేచింది అట్లాంటి నడుము.
జొన్నగింజంత రాయి, నీళ్ళచుక్క మాదిరి.
నేను భుజం మీది తువాలు తీసేలోపల
ఇంటర్ చదివే ఆమె బిడ్డ హరిప్రియ
రాయిని రూపాయి బిళ్ళ పక్కన పెట్టి
ఫొటో తీసేసింది.
ఫొటో గుత్తికి పోయింది.
గుత్తి నుంచి సూరత్ పోయింది.
ఆడి నుంచి సముద్రం అవతల
నాకు నోరు తిరగని ఊరేదో, అక్కడికి పోయింది.
రాయి మాత్రం ఉలిగమ్మ కొంగులోనే,
ఇంకా తడి ఆరకుండా.

గ్లాసులో టీ సగం కాకముందే
జవాబొచ్చింది.
ఒక అంకె,
అంకె పక్కన ఒక బొటనవేలు.

నవ్వొచ్చింది నాకు.
అన్ని దేశాలు దాటుకోని వచ్చింది ఒక్క వేలేనా!
పసుప్పచ్చగా ఉంది,
గోరు సందున మట్టి లేదు, చెమట లేదు.
దాన్ని పట్టుకోని ఎట్లా తెలుసుకునేది
దాని మనిషికి ఆకలుందో లేదో.

అంకె చానా చిన్నది.
ఎందుకంటే యాడనో చైనాలోనంట,
వాన లేకుండా, నేల లేకుండా
ఇనుప పెట్టెలో వారాల మీద వజ్రం పండుతాదంట.
హరిప్రియే చదివి చెప్పింది.
మా శనక్కాయకు మూడున్నర నెలలు పడ్తాది,
అదీ వానొస్తే.

ఆ రాత్రే పక్క చేని నాగేశు
వీడియో పెట్టినాడు.
తెల్లారేసరికి బళ్ళారి జీపులు,
రాయచూరు నుంచి సంసారాలకు సంసారాలు,
జల్లెళ్ళు, చంటిపిల్లలు, గ్యాసు స్టవ్వులు.
మొన్న విత్తిన శనక్కాయ వాళ్ళ చెప్పుల కింద.
ఒకడు తవ్వుతానే ఇంకో వీడియో తీస్తాండాడు.
అది చూసి రేపు ఇంకెవరొస్తారో!
మాట మనుషుల్ని తెస్తాది,
వచ్చినోళ్ళు మళ్ళా మాటను తోల్తారు,
చేను మటుకు అంతే,
ఎకరా ముప్పై సెంట్లు.

ఉలిగమ్మ తరమలేదు వాళ్ళను.
గట్టు మీద పలక నిలబెట్టి
దానికి నల్లచుక్కల బొమ్మ అతికించి
తలకు యాభై అనింది.
ఫోన్లు వంగి వంగి దణ్ణం పెట్టినట్టు
ఆ పలకకు చూపించి లోపలికి పోయినారు.

సూరత్ ధరకు ఒప్పుకోలేదు ఆమె.
ముంబైలో ఒకణ్ణి అడిగించింది, హైదరాబాదులో ఇంకొకణ్ణి.
మూడు అంకెలు వరసగా పెట్టుకోని చూసి చూసి
నా పక్కకు తిరిగింది.

"మామా,
కరువేట్లో మా అత్తకు దొరికిన రాయి,
రెండు మూటల జొన్నలకు, ఒక కోకకు ఇప్పించినావే,
శనగ్గింజంత ఉండెనంట.
ఎంతకు పోయింటాది అది?"

గొంతులో కోపం లేదు. అదే కష్టం.
ఫోన్లో ఉండదు ఆ అంకె.
ఏ దేశపు టవరుకూ అందదు.
భూమ్మీద తెలిసినోళ్ళు ఇద్దరే,
కొన్న సేటు పోయి పదేండ్లాయె.

"యాదికి లేదమ్మా" అన్నా.
మొగం తుడుచుకునేదానికన్నట్టు తువాలు తీసి
ఒళ్ళో పరుచుకోని
దాని కింద
నా చెయ్యిని నేనే పట్టుకున్నా.
తడిగా ఉంది.
వేళ్ళు లెక్క చెప్తానే ఉండాయి.