క్లచ్ లేని చోట

రాత్రి రెండున్నరకి సహకారనగర్ గేటు దగ్గర ఎక్కుతారు,
ఒకే అపార్ట్‌మెంటు, వేరు వేరు కంపెనీలు.
పూవయ్య సార్‌ది బోయింగు.
లవీనా మేడమ్‌ది ఎయిర్‌బస్సు.
సీటు బెల్టు టక్కుమనేలోగా మొదలు.

"ఏప్రిల్ మధ్యాహ్నం, ఈ ఊరు ముందే మూడు వేల అడుగుల ఎత్తు,
గాలి పలచన. నిండు లోడుతో నీ బండి
రన్‌వే అంతా నాకితే గానీ లేవదు," అంటుంది మేడమ్.
"లేచాక చూడమ్మా, నీది మెట్లు లెక్కబెట్టుకుంటా ఎక్కేలోపు
నాది ముప్పై ఏడు వేల మీద కాఫీ తాగుతుంటుంది," అంటాడాయన.

కోగిలు క్రాస్ దాకా ఇంధనం.
ఎవరిది గంటకి ఎన్ని కిలోలు తాగుతుందని
కొత్త కోడలి తిండి గురించి మాట్లాడినట్టు.
చిక్కజాల దాకా పక్కగాలి.
ఈయన చేతిలో కాడి లాంటి స్టీరింగంట,
ఆమె చేతి పక్కన పిల్లలాడే పుల్లంట.
దిగే ముందు ఆమె విమానమే "రిటార్డ్, రిటార్డ్" అని అరుస్తుందంట.
"మా బండి మర్యాదస్తురాలు, పైలట్‌ని తిట్టదు,"
అని సారు నవ్వితే నా సీటు కూడా ఊగేది.

మా నాయనా ఇంతే.
శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్లో
తెల్లగూడా, పసుపుగూడా అని
ఇస్మాయిల్ సాబుతో ముప్పై ఏళ్ళు తగువు.
చెవి దగ్గర గూడు ఆడించి, లోపల పురుగు కదిలే చప్పుడు విని
"దీని దారం కిలోమీటరు తెగదు" అనేవాడు.
సాబు పోయిన రోజు మార్కెట్టుకి పోలేదు.
తెల్లగూడు గెలిచిందని ఎవరో చెప్తే
"దాంతో ఇప్పుడేం పని" అన్నాడు.

ఆషాఢంలో పూవయ్య సార్ కంపెనీ మూతబడింది.
మూడు నెలలు మేడమ్ ఒక్కతే ఎక్కింది.
ఫోను చూసుకుంటా, మాట లేకుండా.
నేను రేడియో పెడితే వద్దనలేదు, వినలేదు.

మళ్ళీ ఒక రాత్రి ఇద్దరూ వచ్చారు.
సారు ఒళ్ళో ఇటుక లాంటి పుస్తకం,
మెడలో మేడమ్ కంపెనీ తాడు.
యాభై రెండేళ్ళాయన, సిమ్యులేటర్ పరీక్షకి పోతున్నాడు.
అద్దంలో చూస్తే
ఎడమ చెయ్యి తొడ పక్కన
లేని పుల్లని పట్టుకుని మెల్లగా వంచుతోంది.

"థ్రస్ట్ లివర్లు చేతికింద కదలవు లవీనా.
ఇంజను పెరుగుతుంది, తగ్గుతుంది, లివరు మాత్రం అట్లే.
చచ్చిన చేపని పట్టుకున్నట్టుంది నాకు."

ఇప్పుడు అంటుంది, అనుకున్నా.
ఇన్నేళ్ళ బాకీ, వడ్డీతో తీర్చుకుంటుంది అనుకున్నా.
బాగలూరు క్రాస్ పోయింది, ఏమీ అనలేదు.
తర్వాత,
"మీ బోయింగు ట్రిమ్ము చక్రం
మోకాలి పక్కన గడగడ తిరిగేదే, ఆ చప్పుడు
ఒక్కసారి కాక్‌పిట్‌లో కూచుని విన్నా. బాగుంటుంది," అంది.
ఆయన కిటికీ బయటకి చూశాడు.
బయట ఏముంది, లారీలు.

ఈ సంగతి వాళ్ళకి చెప్పలేదు:
పద్దెనిమిదేళ్ళ డీజిలు బండి అమ్మి
నేనూ ఈ కరెంటు బండి తీసుకుని నాలుగు నెలలు.
గేరు లేదు, చప్పుడు లేదు.
ఖర్చు సగం, లాగుడు రెండింతలు, ఎవరడిగినా అదే చెప్తా.
నా ఎడమ కాలికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

సాదహళ్ళి టోలు. ముందు బస్సు ఠక్కున ఆగింది.
నా ఎడమ కాలు ఉత్త మ్యాట్‌ని తొక్కింది.
వెనక ఆయన ఎడమ చెయ్యి
ఉత్త గాలిని కొంచెం వెనక్కి లాగింది.

"మెల్లగా," అంది మేడమ్.
ఎవరితో అందో
తెలీలా.