పదకొండు కొక్కేలు

స్కెల్‌బీ క్లబ్బుకి నూటపాతికేళ్లు.
విందు రోజుకల్లా బోర్డు మీద రాయించాలట
అన్ని కాలాలకీ కలిపి ఒకే జట్టు.
బంగారు రంగుకి అక్షరానికింతని
పెయింటరు ముందే లెక్క కట్టాడు.

టీ గదిలో ముగ్గురం.
ఆర్నల్డ్ హెబుల్‌వైట్, మిగిలిన ఒక్క ఊపిరితిత్తితో.
క్లిఫ్ అక్రాయిడ్, రెండు మోకాళ్లూ స్టీలువి.
నేను, నలభై ఆరు సీజన్లు స్కోరు రాసినదాన్ని;
పెన్సిలు నాది గనక కమిటీలో ఉన్నాను.

బయట యార్క్‌షైర్ వాన, పడీ పడనట్టు.
గని మట్టి పోసిన దిబ్బ మీద గడ్డి మొలిచింది,
పిల్లలు దాన్ని కొండ అనుకుంటున్నారు.

మొదటి ఓపెనర్ మీద తగువు లేదు.
జాబెజ్ లమ్, పంతొమ్మిది వందల పదకొండు.
రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చి
వంద కొట్టి, కంటిరెప్పల బొగ్గుతోనే ఫోటో దిగాడు.
"ఆ పిచ్ మీద ఇప్పటి కుర్రాళ్లు
నిలబడి టీ కూడా తాగలేరు" అని ఆర్నల్డ్.
"ఇప్పటి కుర్రాడి బంతి లమ్‌కి కనపడితే కదా!
ఆయన కాలంలో అంత వేగంగా పోయేది రైలొక్కటే" అని క్లిఫ్.
ఇలా గంటన్నర.
చచ్చినవాణ్ణి బతికున్నవాడితో తూచే త్రాసు
ఏ సంతలోనూ దొరకదు.
అయినా తూస్తూనే ఉన్నాం,
మొగ్గు చాలని వైపు ఒక బిస్కట్టు పెట్టి.

రెండో ఓపెనర్ ఎనోక్ థాక్రే.
ఇరవయ్యారులో గేట్లు మూసిన ఏడు నెలలూ
చర్చి సూపు తాగి, బ్యాటు అమ్ముకుని,
అరువు బ్యాటుతో ఆడినవాడు.
కీపరు, పంజరం తలుపులో రెండు వేళ్లు పోతే
గ్లవ్సులో ఆ చోట పాత పేపరు కుక్కుకున్నవాడు.
కవర్స్‌లో వాసిల్. యుద్ధమయ్యాక యుక్రెయిన్ నుంచి వచ్చాడు,
ఆట పేరైనా తెలియదు, చెయ్యి మాత్రం తెలుసు.

పది పేర్లయ్యాయి.
పెన్సిలాగింది.
ఎవరూ పేరెత్తలేదు, ముగ్గురికీ తెలుసు.

ఎనభై రెండు ఆగస్టు. పదకొండు పరుగులకి తొమ్మిది వికెట్లు.
రాసింది నేనే.
పుస్తకం దానంతటది తెరుచుకునేది ఆ పేజీ దగ్గరే.
కీత్ స్టానిలాండ్.

ఎనభై అయిదు జనవరిలో
కిటికీలకి ఇనపజాలీ కట్టిన బస్సులో
పనిలోకి పోయాడు.
ఇంకో ఆరువారాల్లో సమ్మె ఓడిపోతుందని
ఎవడికి తెలుసు.
ఆ బస్సు మీద గుడ్లు విసిరామని చెప్పుకుంటారు. అబద్ధం.
గుడ్లుంటే తినేవాళ్లం.
నేను విసిరింది రాయి.

ఆ ఏప్రిల్లో అతని కొక్కేనికి ఎవరూ చొక్కా తగిలించలేదు.
అతను మళ్లీ రానూ లేదు.
నిన్న చేరిన పిల్లలు కూడా, ఎందుకో తెలియకుండానే,
దాన్ని వదిలి పక్కదానికి తగిలిస్తారు.

"బంతి బస్సెక్కలేదు గదా" అన్నాడు ఆర్నల్డ్.
ఏడాది పొడుగునా గేటు దగ్గర నిలబడ్డ ఆర్నల్డ్!
క్లిఫ్ కప్పు కింద పెట్టాడు.
"వాడి బౌలింగుకి థాక్రే స్లిప్‌లో నిలబడతాడా?"
"నిలబడతాడు."
"క్యాచ్ పడతాడా?"
"పడతాడు. ఆటగాడు గదా.
పట్టి, బంతి చేతికివ్వడు. గడ్డి మీద పెట్టి పోతాడు."

నాకు కళ్లకి కట్టింది.
గడ్డి మీద ఎర్రటి బంతి, వంగి తీసుకునే కీత్,
దూరంగా జాబెజ్ లమ్ పక్కవాణ్ణి అడుగుతున్నాడు,
ఇంత బాగా వేస్తున్నాడు,
వీడితో ఎవరూ మాట్లాడరేం?
ఆయనకి ఏం చెప్పాలి?
ఎనభై అయిదు ఇంకా రాలేదు ఆయనకి.

చీకటి పడింది. ఆర్నల్డ్ లేచి,
ఏమీ అనకుండా డ్రెస్సింగ్ రూములోకి పోయి
తడి కోటు ఆ కొక్కేనికే తగిలించాడు.
తుప్పు పట్టిన మేకు. కొక్కెం ఊడి
కోటుతో సహా నేల మీద పడింది.

ఇప్పుడు ముగ్గురం స్క్రూడ్రైవర్ వెతుకుతున్నాం.
క్లిఫ్ మోకాళ్ల మీద వంగలేడు, టార్చి పట్టుకున్నాడు.
టేబిల్ మీద పది పేర్లు.
పెయింటరు పొద్దున్నే ఫోన్ చేస్తాడు.