ముడికీ ముడికీ నడుమ

తొంభై ఒకటి, మార్చి.
కొత్తవాడ జంపఖానాల సొసైటీల
వెల్దండి ఓదెలు సారు నన్ను కూసోబెట్టి అడిగిండు:
"ఇరవై మెగాబైట్లు నిండినయ్. కొత్త డిస్కుకు పైసల్లేవు.
ఏమన్న ఉపాయమున్నదా?"

ఉన్నది. నాకప్పుడు ఇరవై మూడేండ్లు,
ఉపాయం లేదనుడు నామోషీ.
కోఠిల తిరిగి తిరిగి ఒక పాత కార్డు పట్టుకొచ్చిన.
డిస్కు అదే, పళ్లెం అదే,
దాని మీద పూసిన తుప్పు రంగు అదే.
రాసే లిపి ఒక్కటే మార్చిన.
ఇరవై, ముప్ఫై అయింది.
సారు చాయ తెప్పించిండు, మీదికెల్లి రెండు మిర్చీలు.

ఒకట్లు సున్నాలు ఉంటయంటరు గని
డిస్కు మీద ఉండేటివి మలుపులు.
అయస్కాంతం ఇటు నుంచి అటు తిరిగిన చోట ఒక ముడి.
తిరగని చోట ఉత్త దారం.
ఉత్తదాన్ని చదవరాదు, కొలవాలె.
కొలిచే గడియారం మళ్ల
ఆ ముళ్ల చప్పుడు వినుకుంటనే నడుస్తది.
పాత లిపి మూడు ఖాళీలు దాటనియ్యకపోయేది.
నేను పెట్టింది ఏడు దాకా పోనిస్తది,
గడిని ఇంకింత సన్నగ కోస్తది.
అంత సన్న గడికి ఆ డిస్కును చెయ్యలేదు.
కాయితం మీద రాసే ఉండె.
చదివిన. మడిచి జేబుల పెట్టుకున్న.

మే నెల వరంగల్ సంగతి చెప్పేదేముంది.
రేకుల కప్పు. కరెంటు పోవుడు, వచ్చుడు, పోవుడు.
పళ్లెం వెంట్రుకంత సాగిందో
గడియారం వెంట్రుకంత జారిందో,
ముందు నూలు స్టాకు పోయింది,
ఎనకనే కూలీ ఖాతా.

మూడు రాత్రులు దాని ముందట్నే.
కిటికీకి తడి గోనెపట్ట కట్టి,
తెల్లారుజామున చల్లగుంటే నాలుగు పేర్లు చదివేది,
పొద్దెక్కితే మరిచేది.
ఆడెపు సాంబలక్ష్మి. పేరొచ్చింది.
పేరు పక్కన లెక్క లేదు,
బొమ్మల తీర్గ ఏవో గుర్తులు.

ఆమె కొంగు చివర నుంచి ఒక నూలుపోగు తీసింది.
నేసిన జంపఖానకు ఒక ముడి.
కండ్లు మూసి వేళ్లతోని నడిచి
"నలభై ఒకటి" అన్నది.
నడుమ నడుమ ఎర్రవి ఎందుకున్నయ్ అవ్వా, అన్న.

"నెలంత జ్వరం. ఏమీ నేయలే.
దారం అంత పొడుగు ఉత్తగుంటే వేలు తొవ్వ తప్పుతది బిడ్డా.
వారానికొకటి ఒట్టిగనే ఏస్త, అవి లెక్కల రావు.
మరీ దగ్గర దగ్గర ఏసినా చిక్కే,
చెమటకు తడిసి రెండు ముళ్లు ఒక్కటైతయి."

నా జేబుల ఆ కాయితం ఇంకా ఉన్నది.

సారుకు యాదికున్నది ముప్ఫై ఆరు.
గుంజి గుంజి ముప్ఫై తొమ్మిదికి తెంపిన్రు.
మిగిలిన రెండిటి కూలి నేనిస్తనని
ఆమె మగ్గం కాడిదాక పోయిన.
గుంతల నుంచి తలెత్తలేదు.
"నువ్వు నేసినవా?" అన్నది.

పాత కార్డే మళ్ల పెట్టిన. ముప్ఫై, ఇరవై అయింది.
ఈసారి చాయ లేదు.

ఇప్పుడు నయీంనగర్ల నా దుకాణం.
గోరంత ముక్కల లారెడు ఫోటోలు తెచ్చి
ఎందుకు పోయినయ్ అన్నా, అని అడుగుతరు.
ఎంతకు కొన్నరు, అని అడుగుత.
ఆ డిస్కు అటక మీదున్నది, ఇటుకంత బరువు.
డిసెంబర్ల, బాగ చలి పెట్టిన పొద్దున
ఎప్పుడన్న ఒకసారి తిప్పుత.
పేరొస్తది.