ఏటి?

ముప్పై రెండేళ్ళు
ఇరిగేషన్ ఆఫీసులో, ట్రేసింగు కాగితం మీద
వంశధారని గీశాను.
నీలం సిరా, సన్న పాళీ.
సిరా తడి తప్ప
ఏటి తడి వేలికి అంటలేదు.

పింఛను మొదలైన మూడో నెల
తోడల్లుడి స్కూటర్ అడిగి తీసుకుని
కళింగపట్నం నుంచి ఎగువకి బయల్దేరాను,
సంతకం దగ్గర మొదలెట్టి
ఉత్తరం చదువుకున్నట్టు.

ఇసక మీద నెత్తళ్ళు తిరగేస్తున్నామె
తలెత్తకుండానే అడిగింది: "ఏటి?"
"ఏరు చూద్దామని."
"సూడ్డానికేటుంది బావూ, ఏరే గదా."

ముఖలింగం రేవులో
దోనెకి కీలు పూస్తున్న ముసలాయన, అదే మాట.
గోగుకట్టలు ఊరేసిన మడుగు దగ్గర
ముక్కు మూసుకున్న నన్ను చూసి
నడుం లోతు నీళ్ళలోంచి ఒక కుర్రాడు, అదే మాట.
కొత్తూరు సంతలో కొండచీపుర్ల మోపు దించి
సవర సుక్కమ్మ, తన భాష కాసేపు పక్కన పెట్టి మరీ,
అదే మాట.

ఏటి అంటే ప్రశ్న.
ఏటి అంటే ఏరుది కూడా:
ఏటి గట్టు, ఏటి గాలి, ఏటి ఒడ్డు చోడి చేను.
భామిని దాకా
ఆ రెండింటి మధ్యే బండి నడిపాను.
కొండలు దగ్గరికొచ్చే కొద్దీ ఏరు సన్నబడింది.
నా గీత కంటే అందంగా వంపు తిరిగింది,
ఒప్పుకున్నాను.

ఒక్క హిరమండలంలో మాత్రం
పోయేటప్పుడు ఆగలేదు.
తిరుగుదారిలో పెట్రోలు అక్కడే అయిపోయింది.

కాలనీ మొదట్లో బడ్డీకొట్టు.
పేరు అసిరితల్లి.
నేనడక్కుండానే రిజర్వాయరు వైపు చెయ్యి చాపింది.
"అల్లదిగో, నీటికాకి మునిగింది సూడు,
ఆ కాడే మా ఇల్లు.
వాకిట్లో మునగ సెట్టుండేది."

ఆ కాడ
గీత దాటకుండా, మరక పడకుండా
నీలం నింపింది నేనే.
ఆ షీటు శుభ్రంగా వచ్చిందని
ఇంజనీరు గారు టీ తెప్పించారు.
మునగ చెట్టుకి మా దగ్గర గుర్తు లేదు.

నీటికాకి ఇంకెక్కడో తేలింది.
"ఏటి బావూ, అలగుండిపోనావు?
ఏటి?"

నోరు తెరిచాను.
అదే మాట వచ్చింది, ప్రశ్న లేకుండా.

ఆమెకి వినపడలేదనుకుంటా.
సీసాలోంచి అరలీటరు పెట్రోలు వంచి
పది రూపాయలు ఎక్కువే తీసుకుంది.
బేరమాడలేదు.